సంతకం లేని ఆట

కోకురా స్టేషన్ వెనక సందులో
మిగిలిన ఒకే ఒక్క గేమ్ సెంటర్.
మూల యంత్రానికి మీట కాస్త వదులు.
గెలిచాక పేర్లు పైకి పాకాలి కదా,
ఇందులో నల్ల తెర, అంతే.
మళ్లీ నాణెం అడుగుతుంది.

ఒసాకా వాళ్లదే అంటాడు ఇసొగాయ్,
దెబ్బ తగిలాక బొమ్మ ఆగే
ఆ రెప్పపాటు చూపించి.
కాదు, దివాలా తీసిన సప్పొరో కంపెనీది,
మంచుని ఇంత ఓపిగ్గా ఇంకెవడు గీస్తాడని తొకుమారు.
ఇరవై ఏళ్లుగా ఇదే తగువు.
బీరు మాత్రం ఎవడిది వాడే కొనుక్కుంటాడు.

గల్లాపెట్టె దగ్గర నిషివాకి గారు:
"ఎవరు కన్నారో గానీ
ఆ మంచులో పిల్లకి స్వెట్టరైనా తొడగలేదు."

నిన్న రాత్రి బోర్డు విప్పాను.
చిప్పుల మీది పేర్లన్నీ
బ్లేడుతో గీకేశారు, ఎంత శ్రద్ధగానో.
ఒక్క చీటీ మిగిలింది, పెన్సిలు రాత:
"మూడోసారి సరిచేశా. ఇక పడుకుంటా."

కత్తి పట్టిన ఆ పిల్ల
గెలిచిన ప్రతిసారీ
చేతి వెనక ఆవలింత దాచుకుంటుంది.
మేమంతా పొగరనుకున్నాం.

వాళ్లిద్దరికీ చెప్పలేదు.
ఏ ఊరో నాకూ తెలీదుగా.
మీటకి రెండు చుక్కలు నూనె వేసి
మూత బిగించాను.