పిడుల్లేని గోడ

వచ్చే ఏడాది వంటిల్లు
వంటిల్లులా కనబడదట.
టాంపెరేలో మా యజమాని యార్మో
కొత్త కేటలాగు తిరగేస్తూ చెప్పాడు:
ఫ్రిజ్జు గోడలో కలిసిపోతుంది,
పొయ్యి రాతి కింద దాక్కుంటుంది,
అలమరలకు పిడులుండవు,
వేలితో ఇలా ఒక్క నొక్కు, చాలు.
పొగ లేదు, మసి లేదు,
ఎవరో ఇక్కడ వండుకు తింటున్నారన్న
ఆనవాలే లేదు.

నాకు నచ్చింది. నిజం చెప్పొద్దూ,
నా ఇంటికీ అదే బిగించుకున్నాను.

నవంబరు. మధ్యాహ్నం మూడున్నరకే
సరస్సు మీద పొద్దు చాప చుట్టేసింది.
నమూనా పలకల సంచీ భుజాన వేసుకుని
నాలుగో అంతస్తు ఎక్కాను.
హిల్కా తలుపు తీసింది.
ముప్పయ్యొక్క ఏళ్లు ఊరి బస్సు నడిపిన మనిషి,
మంచులో మలుపులన్నీ ఆమె మోచేతులకి తెలుసు.
ఇప్పుడు చూపు నడిమధ్యన ఒక బూడిద మచ్చ.
చూసినచోటే ఏమీ లేదు,
అంచుల్లో మాత్రం లోకం కాస్త మిగిలింది.
"నిన్ను చూడాలంటే నేను పక్కకి చూడాలి,
ఏమనుకోకు" అంది.

ట్యాబ్లెట్ తెరిచాను. మళ్లీ మూసేశాను.
బల్ల మీద పలకలు పరిచాను.
ఆమె అరచేయి తెల్లటి నున్నటి రాతి మీద
ఈ చివర నుంచి ఆ చివరికి జారింది,
ఎక్కడా ఆగలేదు.
"బాగుంది. గడ్డకట్టిన చెరువులా ఉంది.
పొయ్యి ఎక్కడ?"
"మీ చేయి దాని మీదే ఉందండీ."
చటుక్కున చేయి తీసేసింది,
వట్టి నమూనా ముక్కే అయినా.

ఆ తర్వాత చెప్పింది ఆమె, రాసుకుంది నేను.
తిప్పితే టక్కుమనే మరలు కావాలి,
ఒకటి, రెండు, మూడు అని
చెవికి లెక్క అప్పజెప్పేవి.
గట్టు అంచున వేలు పట్టేంత గాడి,
గ్లాసు దొర్లితే ఆగడానికి,
చేయి దారి తప్పకుండా నడవడానికి.
ఒక గట్టు నలుపు, ఒక గట్టు తెలుపు:
పాలు నల్లదాని మీద పోసుకుంటా,
కాఫీ తెల్లదాని మీద.
సొరుగు సొరుగుకీ వేరే పిడి.
కత్తులకి తోలుపట్టీ,
రొట్టెలకి బిర్చ్ కొమ్మ ముక్క.
ఇంకా, తొట్టి పైనున్న ఆ గిన్నెలారే అలమర...

"దాని కాలం అయిపోయిందండీ" అన్నాను.
"ఇప్పుడెవరూ పై అలమరలు పెట్టించుకోవడం లేదు.
గోడ ఖాళీగా వదిలేస్తే
గాలాడినట్టుంటుంది."

ఆమె లేచింది.
అలమర తలుపు తీసి చేయి పెట్టింది.
చూడలేదు. చూపు బాగున్న రోజుల్లోనూ
ఎప్పుడూ చూసి ఎరగదేమో.
రెండో వరస, ఎడమ నుంచి మూడో కమ్మీ పక్కన
నీలంపువ్వుల కప్పు.
దాని అడుగున వేలాడుతున్న నీటిబొట్టు
సరిగ్గా తొట్టిలోకే రాలింది.
"తుడిచే పని లేదు, వెతికే పని లేదు.
కాలం అయిపోయిందని నీకెవరు చెప్పారు?"

కేటలాగు, అనడానికి
నోరు రాలేదు.

యార్మో నా గీతలు చూసి నవ్వాడు:
"ఇది వంటిల్లా, పియానోనా?"
అయినా బిగించాం. తొమ్మిది రోజులు.
ప్రతి పిడి దగ్గరా నేను కళ్లు మూసుకుని
ఒకసారి తడిమి చూసి, అప్పుడే మేకు దింపాను.
చివరి రోజు ఆమె పొయ్యి మర తిప్పింది,
టక్, టక్,
గేరు మార్చిన డ్రైవరులా తల ఊపింది.

ఆ రాత్రి మా ఇంట్లో దీపం వేయకుండా
నా గోడ ముందు నిలబడ్డాను.
నొక్కితే చీపురు.
ఇంకోచోట నొక్కితే ఫ్రిజ్జు,
వెలుతురు మొహాన కొట్టింది.
మూడోచోట ఏదీ తెరుచుకోలేదు,
పొద్దున లేచి చూస్తే
అక్కడ నా వేలిముద్ర మాత్రం ఉంది.
కాఫీ తాగకుండానే పడుకున్నాను.

మార్చిలో మళ్లీ కేటలాగు వచ్చింది.
మరలు తిరిగొస్తున్నాయట. పిడులు కూడా,
ఒక్కోటి ఒక్కో తీరట.
గట్ల అంచున గాడి, రెండు రంగుల రాయి,
పెద్ద అక్షరాల్లో "తాకి చూడండి",
చిన్న అక్షరాల్లో ఒకటిన్నర రెట్ల ధర.

యార్మో పేజీ మీద వేలుంచి
నా మొహంలోకి చూశాడు.

నేను పక్కకి చూశాను.