కేలండరు వెనక

ఫిబ్రవరి కాగితం చించి వెనక్కి తిప్పి
స్కెచ్ పెన్నుతో రాయడం మొదలుపెట్టాను:
జ్వరం వంద దాటితే పిల్లల్ని పంపొద్దు.
ఒక్క వాక్యం. దాని కింద గీత.
గీత కింద చాలాసేపు ఏమీ తోచలేదు.

కొరిటెపాడు సందులో మా రెండు గదులు,
తొమ్మిది మంది పిల్లలు, తొమ్మిది నీళ్ల సీసాలు.
అందరికీ ఒకటే తువ్వాలని ఎవరో పుకారు పుట్టించారు గానీ
తువ్వాళ్లూ తొమ్మిదే, ప్రతిదాని మీదా పేరు కుట్టాను.
దగ్గు మీద పేరు కుట్టలేను.
సోమవారం అది జోయెలుది,
బుధవారానికి కవలలిద్దరిదీ,
శుక్రవారం రాత్రి నాది.

"మరి ముక్కు కారితే?" అంది మా అత్తగారు, బియ్యంలో రాళ్లు ఏరుతూ.
తెల్లగా కారితే రావచ్చు, పచ్చగా కారితే రాకూడదు
అని రాశాను. కొట్టేశాను.
చీమిడి రంగు చూసి గేటు తీసే ఉద్యోగం
ఏ తల్లి ఎదుట చేయను?

గుంటూరులో దగ్గు సంగతి వేరు.
ఈ నెలల్లో ఇక్కడ గాలే దగ్గుతుంది.
యార్డు వైపు నుంచి ఒక్క లారీ వెళ్తే చాలు
పిల్లలంతా వరసగా తుమ్ముతారు, తుమ్మి నవ్వుతారు.
సువార్త రోజంతా మిరపకాయల తొడిమలు తీసి వచ్చి
కొడుకుని మోచేతులతో ఎత్తుకుంటుంది,
వేళ్లు వాడి కళ్లకి తగలకుండా.
ఏది ఘాటు, ఏది జబ్బు?
నేను వీపుకి చెవి ఆనించి వింటాను.
ఘాటు దగ్గు గొంతులోనే ఆగిపోతుంది.
రెండోది లోపలెక్కడో బిందె దొర్లినట్టుంటుంది.
దీన్ని రూలుగా ఎలా రాయడం?

ఆరెంజి సిరప్పు వాసన నాకు తెలుసు.
ఎనిమిదింటికి తల్లి చంకలో చల్లగా ఉన్న పిల్ల
పదకొండున్నరకి అట్ల పెనంలా కాలుతుంది.
నాజియాకి ఫోను చేస్తే గొంతు తగ్గించి,
"పొద్దున బాగానే ఉందండీ" అంటుంది.
వెనక బ్యాంకులో టోకెను నంబరు పిలుస్తున్నారు.
తిడదామనే చేశాను.
"మెల్లగా రామ్మా" అన్నాను.
ఆ మెల్లగాలోనే ఇంకో ముగ్గురికి అంటుకుంది.
ముగ్గురి తల్లులూ నన్ను తిట్టారు. న్యాయంగానే తిట్టారు.

అందుకని రాశాను:
సిరప్పు పోసి తెస్తే చెప్పండి. ఎన్నింటికి పోశారో చెప్పండి.
తిట్టను.
"తిట్టను అనేది రూలెలా అవుతుందే?" అన్నాడు మా ఆయన.
అవుతుంది. అది నాకు రూలు.

తర్వాత చెయ్యి కాస్త సాగింది.
వాంతులైతే ఆ రోజూ, మర్నాడూ ఇంట్లోనే.
అమ్మవారు పోస్తే పొక్కులన్నీ ఎండి రాలేదాకా,
వేపాకు కావాలంటే మా పెరట్లోది కోసుకెళ్లండి.
కళ్లకలక: నల్లద్దాలు పెట్టి పంపినా వద్దు.
పేలకి సెలవు లేదు. దువ్వెన నా దగ్గరుంది.

రాని రోజుల డబ్బుల సంగతి ఆఖరికి ఉంచాను.
కూలి పోయినావిడ దగ్గర నా రోజు కూడా లెక్కకట్టనా?
జీతం ఆగనివాళ్ల దగ్గర సగం తీసుకోనా?
కాగితం మీద పెడితే గొడవ.
అది నోటితోనే ఉండనిచ్చాను.

అన్నం మెతుకులతో గేటు పక్క గోడకి అంటించాను.

మర్నాడు మొదట వచ్చింది సువార్తే.
పెదవులు కదిలిస్తూ మొత్తం చదివింది.
అడక్కుండానే జోయెలు చొక్కా గుండీ విప్పి
వాడి చంక నా ముందుంచింది.
వంద మీద రెండు గీతలు.
సందు చివర కూలీల ఆటో హారను కొడుతోంది.
నేను థర్మామీటరు దులిపి మళ్లీ పెట్టాను.
మళ్లీ రెండు గీతలు.

సువార్త ఏమీ అనలేదు.
వెళ్లిపొమ్మని ఆటోకి చెయ్యి ఊపింది.
తల్లి భుజం మీంచి వాడు నాకు టాటా చెప్పాడు.
లోపలికొచ్చి ఎనిమిది సీసాలు నింపాను.
అలవాటు కొద్దీ తొమ్మిదో తువ్వాలూ తడిపాను.