ఇరవై మూడో నంబరు

గ్రోనింగెన్‌లో వాన పడని రోజుకి
క్యాలెండర్లో సున్నా చుట్టి పెట్టుకుంటారు.
మిగతా రోజుల్లో
తడిసిన సైకిళ్ళని కంచెకి కట్టేసి
మా నేలమాళిగ గదిలోకి దిగి వస్తారు,
గంటకి పది యూరోల కోసం.

తెర మీద రెండు మీటలు. అంతే.
ఎడమది నొక్కితే ఎప్పుడూ మూడు సెంట్లు.
కుడిది నొక్కితే నాలుగు.
ఎప్పుడో ఒకసారి మాత్రం, చెప్పాపెట్టకుండా,
నలభై ఊడ్చుకుపోతుంది.
ఈ సంగతి ముందు చెప్పం.
రెండు వందల సార్లు నొక్కి
ఎవరి వేళ్ళు వాళ్ళే కాల్చుకోవాలి.

హిల్కో, కాలవ మీద వంతెన ఎత్తే పని చేసి రిటైరైనవాడు,
తొమ్మిదో వంతులో నలభై పోగొట్టుకున్నాడు.
ఆ తర్వాత నూట తొంభై ఒక్కసార్లు
ఎడమ, ఎడమ, ఎడమ.
లోపల గడియ వేసుకున్న ఇల్లులా ఉంది
అతని వరుస.

నర్సింగ్ చదివే యెల్ట్యెకి
అరవై దాకా దెబ్బే తగల్లేదు.
తగిలినప్పుడు నవ్వింది,
గోడ ఇవతలికి వినబడింది.
పిడుగు మళ్ళీ ఇప్పుడిప్పుడే పడదులెమ్మని
కుడివైపుకే పోయింది.
అరవై మూడులో పడింది.

నా పని ఈ అంకెలకి మట్టి కడగడం.
ప్రొఫెసర్ వీట్స్‌మా సూత్రంలో
మరుపుకి ఒక అక్షరం ఉంది,
సున్నాకీ ఒకటికీ మధ్య కదులుతుంది.
హిల్కోది సున్నాకి ఆనుకుని,
యెల్ట్యెది ఒకటికి రవ్వంత తక్కువ.
అందరూ ఆ గీత మీద ఎక్కడో ఒకచోట సర్దుకున్నారు,
ఇరవై మూడు తప్ప.

ఎడమే మేలని ఆవిడ ముందే పసిగట్టింది.
అయినా పద్నాలుగు వంతులకోసారి
కుడివైపు వెళ్ళి వస్తుంది.
నాలుగొచ్చినా అక్కడ ఆగదు,
నలభై పోయినా వెళ్ళడం మానదు.
సూత్రం దాన్ని పొరపాటంది.
"విసుగు" అని అంచున పెన్సిలుతో రాశాడు ప్రొఫెసర్.

చివరి కాగితంలో ఒక ప్రశ్న ఉంటుంది,
ఎవరూ పట్టించుకోనిది: అలా ఎందుకు నొక్కారు?
నీలం బాల్‌పెన్ను, వంకర అక్షరాలు:
"మారిందేమో చూద్దామని."

ఆ వరుస తీసేయమన్నారు.
తీసేశాను.
సగటు చక్కబడింది.

సాయంత్రం సైకిలెక్కి,
వెళ్ళినప్పుడల్లా లేచే ఉంటుందని
ఏడాది కిందట వదిలేసిన వంతెన దారి పట్టాను.
లేచే ఉంది.
టోపీ లోంచి వాన మెడ మీదికి దిగుతోంది.
కింద ఇసుక పడవ ఒకటి
ఎవరి తొందరా తనది కానట్టు పోతోంది.

పోనీ.
ఒక్క వంతే కదా.