పరిమితులు

మీటరు ముందుగా తెలిసిన ఉప్పును రుచి చూడాలి.
చిన్న సీసాలో పద్నాలుగు వందల పదమూడు.
ఆ అంకె చూపిస్తేనే దాని మాట నమ్ముతాం.
నేను ప్రోబ్ ముంచుతాను, డారియో రాస్తాడు.
పన్నెండో తరగతి, ఎన్విరాన్‌మెంటల్ సైన్స్.
మిల్డూరాలో మా బడిలో అది తీసుకున్నది తొమ్మిదిమందిమి.
తక్కినవాళ్ళకి అది చెట్లను కావలించుకునే పీరియడు.

ఆగస్టు పొద్దు. మర్రే నది మీద ఇంకా లేవని మంచు.
ఒకటో చోటు, పడవల రేవు: రెండు వందల నలభై.
రెండోది వంతెన కింద: రెండు వందల యాభై ఒకటి.
మూడో చోట ఒక బాతు మునిగి
మమ్మల్ని లెక్కచేయకుండా అవతల తేలింది.
అదీ రాశాడు, మార్జిన్‌లో.

నాలుగోది వాళ్ళ తాత తోట దిగువ మురుగుకాలువ.
నాలుగు వేల తొమ్మిది వందలు.
ప్రోబ్ కడిగి, తుడిచి, మళ్ళీ ముంచాను.
నాలుగు వేల తొమ్మిది వందల ఇరవై.
గట్టు మీద మట్టి
పొంగి ఎండిపోయిన గంజిలా తెల్లగా ఉంది.

డారియో ఏమీ అనలేదు.
నొన్నో ఆర్తూరో అరవై ఏళ్ళ కింద
మాలీ చెట్లను వేళ్ళతో సహా గొలుసులేసి లాగి
ద్రాక్ష పెట్టినవాడు.
కిస్మిస్ పెట్టెలు ఓడలెక్కించి
ముగ్గురు పిల్లల్ని చదివించినవాడు.
లోతుకు దిగే వేళ్ళు పోయాయి,
పోసిన నీళ్ళు దిగాయి,
అడుగున పడుకున్న పాత సముద్రం లేచి కూచుంది.
పుస్తకంలో ఇది నాలుగు మార్కుల ప్రశ్న.
ఉప్పు తిన్నవాడు నీళ్ళు తాగాలంటుంది అమ్మ.
ఇక్కడ నీళ్ళు తాగిన నేల ఉప్పు కక్కుతోంది.

"తేడా అంకె, తీసేద్దామా?"
అడిగింది నేనే.
వాళ్ళింట్లో ఎన్ని ఆదివారాలు తిన్నానో,
ఎండబెట్టిన టమాటాలు, ఊరిన ఆలివ్‌లు.
వాళ్ళ ఉప్పు తిన్నదాన్ని.
అతను పెన్సిల్ జేబులో పెట్టుకుని
పెన్ను తీశాడు.

రాత్రి సుస్థిరతకు నిర్వచనం బట్టీ పడుతున్నాను:
రేపటివాళ్ళకు లోటు రాకుండా
ఇవాళ్టి అవసరం తీర్చుకోవడం.
అమ్మ పాలగిన్నెలో వేలు ముంచి వెచ్చదనం చూస్తూ
"అంటే తోడుకి ఓ చెంచా ఉంచడమేగా" అంది.
అంతే. కానీ గిన్నె అడుగు నాకినవాడికి
అది చివరి చెంచా అని అప్పుడు తెలుసా?
తెలియకపోతే ఏమనాలి?
దానికి మార్కులు లేవు.

రిపోర్టు చివర "పరిమితులు" అని ఒక పెట్టె ఉంటుంది.
మీటరు ఒక్కటే. మూడు రోజులే. వాన పడలేదు.
అంతటితో పెట్టె నిండింది.

నిండకపోతే ఇది రాసేదాన్ని:
మేం సామాను సర్దుతుంటే
ఆయన కర్ర ఊతంతో గేటు దాకా వచ్చి
ఎంతుంది అని అడిగాడు.
డారియో తల దించుకోకుండానే చెప్పాడు.
ముసలాయన టోపీ తీశాడు. లోపలికి చూశాడు.
మళ్ళీ పెట్టుకున్నాడు.
"రేపు రండి.
ఇంతకంటే తెల్లటి చోటు ఇంకోటుంది,
దారి నాకు ఒక్కడికే తెలుసు."

పట్టిక కింద
ఐదో గడి గీశాను, స్కేలు లేకుండా.