రెండో రాయి

మొదటి రాయిని నేనే పాడు చేశాను.

పర్లాకిమిడి పాత బస్టాండు వెనక మా టిఫిన్ కొట్టు.
గల్లా పక్క గట్టుకి పాలరాయి వేయించాం,
ట్యూబులైటు కింద చూసి మురిసిపోయి,
ఎండలో ఒక్కసారైనా దాని మొహం చూడకుండా.
ఓ రాత్రి పిండిన నిమ్మచెక్కలు నాలుగు
దానిమీదే బోర్లించి మరిచిపోయాను.
పొద్దుటికి నాలుగు గుండ్రటి మచ్చలు,
అమ్మవారు పోసి తగ్గినట్టు.
సిగ్గేసింది. దొడ్డి కడగడానికి తెచ్చిన యాసిడ్డు
గ్లాసుడు కుమ్మరించాను.
పొంగుకొచ్చిన పాలలా బుసబుసమంది రాయి.
మచ్చ పోలేదు. నునుపు పోయింది.
దండాసి ఏమీ అనలేదు.
ఆ పూట ఉప్మాలో ఉప్పెక్కువైందని మాత్రం అన్నాడు.

ఈసారి వట్టి చేతుల్తో వెళ్లలేదు.
కొంగున నిమ్మకాయ, రూపాయి బిళ్ల,
సంచిలో సీసాడు నీళ్లు.
కాశీనగరం రోడ్డులో పాత్రో గారి రాళ్ల అడితి.
పలకలన్నీ గోడకి చేరబడి ఉన్నాయి
రేషన్ షాపు ముందు అలిసిన జనంలా.
ధర ఆయన తెలుగులో చెప్పాడు,
బేరం నేను ఒడియాలో ఆడాను,
విసుగు ఇద్దరం లోపలే పడ్డాం.

"గ్రానైటే మా! నల్ల గ్రానైటు, ఒట్టు."
మూలన ఒక్క చుక్క పిండాను.
వంగి చెవి పెట్టాను. సన్నగా చిటచిట.
"ఒట్టు నీది, నురగ రాయిది పాత్రోబాబూ."
నవ్వేశాడు.
అక్కణ్నుంచి నిజం చెప్పడం మొదలెట్టాడు.

అన్నిటికీ వెనక, గోడవైపు తిరిగి ఒకటి.
టెక్కలి నీలిరాయి.
ఓడ ఎక్కాల్సింది, ఎక్కలేదు.
వీపున ఎర్ర రంగుతో నంబరు, నంబరు మీద కొట్టివేత,
ఎదుట ఏటవాలుగా ఒక తెల్లటి గీత.
నీళ్లు పోశాను. రంగు లేచింది
వానకి తడిసిన నెమలి మెడలా.
ఆరేదాకా స్టూలు మీద కూచున్నాను.
పగులుంటే అక్కడ తడి ఆరదు,
నోటిదాకా వచ్చి ఆగిన మాటలా నల్లగా నిలబడిపోద్ది.
నిలబడలేదు.
బిళ్లతో కొట్టాను. కంచు పలికింది.
సగం ధరకి ఇచ్చాడు, ఆ గీత పుణ్యమాని.

తాపీ పనికి గుమ్మ కొండల నుంచి
ఎలియాజరు గమాంగో వచ్చాడు.
పెరట్లో నడకకి దించిన కొండరాయి పలకల్ని
ఒక్కొక్కటీ పక్కకి తిప్పి
పొరల మీద గోరు పెట్టి గీశాడు.
"కొండలో ఎలా పడుకుందో అలాగే పడుకోబెట్టాలి పిన్నీ.
నిలబెట్టేవనుకో, నాలుగు వానలకి రేకులు రేకులై ఊడిపోద్ది."
కింద ఇసక. కాలవ వైపు వేలెడు వాలు.
సందుల్లో సిమెంటు కూరమంటే తల ఊపలేదు.
"నీళ్లకి దారి వదలొద్దా?"

ఇప్పుడు గట్టు మీద పసుపు ఒలికితే
రుద్దను, గీకను.
బియ్యప్పిండిలో సోడా కలిపి పట్టు వేసి
కవరు కప్పి పడుకుంటాను.
తెల్లారికి పిండి పచ్చబడుతుంది,
రాయి రాయిలాగే ఉంటుంది.
మామూలు సబ్బునీళ్లు, ఒక పాత లుంగీ ముక్క, అంతే సేవ.
ఎవడు నేర్పాడో గానీ
వచ్చినవాళ్లంతా చిల్లర ఆ తెల్లగీత మీదే పెడతారు.

పాలరాయిని పారేద్దామన్నాడు దండాసి.
వద్దన్నాను.
వెనక కొళాయి దగ్గర పరిపించాను, కాలిన మొహం పైకే పెట్టి.
గరుకు కదా, వానాకాలంలో అక్కడ కాలు జారదు.
రోజూ గిన్నెలు తోముకునేది దానిమీదే.
చింతపండు మాత్రం
నీలిరాయి మీదికి తీసుకెళ్లి పిసుకుతాను.