టికే ఆస్తే

గుణుపురం చర్చిలో గిటారు వాయించే ఎలియాస్ సబర
పెళ్లి ఖర్చులకని అమ్మేశాడు ఈ ఆంప్‌ని.
మాస్టర్ నాబ్ పక్కన తెల్ల పెయింటుతో ఒక చుక్క.
"ఇక్కడిదాకా తిప్పితే వెనక బెంచీ వాళ్లకీ వినబడుద్ది మేడమ్" అన్నాడు.

రాయగడ రైల్వే క్వార్టర్లో వెనక బెంచీ లేదు.
బెత్తెడు గోడ ఉంది.
గోడకవతల గూడ్సు డ్రైవర్ ప్రఫుల్ల బిసోయి పడుకుంటాడు,
పగలని లేదు, రాత్రని లేదు,
డ్యూటీ ఎప్పుడు దిగితే అప్పుడు.
ఆ నిద్ర చిరిగిందంటే
యాభై ఎనిమిది వ్యాగన్లని ఘాట్ మీద ఎవరు పట్టుకుంటారు?
మొదటిరోజే ఆయన భార్య కుముదిని
గిన్నెడు సంతులా తెచ్చిచ్చి
గడపలోనే నిలబడి, నవ్వి, అంది:
టికే ఆస్తే.

అప్పట్నుంచి నేర్చుకున్నాను.
గెయిన్ అంటే గొంతులో బొంగురు.
మాస్టర్ అంటే ఈ గది, అంతే.
ల్యాప్‌టాప్‌లోకి పోయే వైరుకి గదితో పని లేదు.
మాస్టర్ సున్నాకి దించేసినా
తెర మీద పచ్చ గీత ఎగురుతూనే ఉంటుంది,
నోరు కట్టేసుకున్నా
మొహం చెప్పేసినట్టు.

ముందు చేతనైనంత గట్టిగా మీటాలి.
పాటకి ఎక్కడ కోపమొస్తుందో అక్కణ్నుంచి మొదలు.
గీత పసుపు అంచు తాకితే చాలు.
ఎరుపు తాకిందా, విరిగిన గాజే,
తర్వాత ఎంత తగ్గించినా
విరిగిన గాజు చిన్నగా వినబడుతుంది.

ఎలియాస్ దాచుకున్న స్వరాలు పద్నాలుగు,
ఒకటి గుసగుస, పక్కది పిడుగు.
నొక్కినప్పుడల్లా ఉలిక్కిపడి
ఒక్కోదాన్నీ పక్కదాంతో సరిచేశాను,
సంతలో చోళ్లు మానికతో కొలిచి
అరచేత్తో గీసేసినట్టు.

పగలంతా బుకింగ్ కౌంటర్లో
అద్దానికి ఇవతల నేను.
ఆ మైకు నాబ్ ఎవరి చేతిలో ఉందో తెలీదు.
"పార్వతీపురం రెండా?" అంటే చాలు
నా గొంతు ప్లాట్‌ఫారం దాకా పోయి అరుస్తుంది,
తెలుగులో ఓసారి, ఒడియాలో ఓసారి,
అవతలున్నది కువి తప్ప రాని ముసలమ్మయితే
వేళ్లు చూపించి ఓసారి.
వేళ్లు మాత్రం నావే, నేను పెట్టినంతే మాట్లాడతాయి.

ఒక తప్పు చేశాను.
రాత్రి పన్నెండింటికి చిన్నగా విని
బేస్ చాల్లేదని పెంచాను.
ఆదివారం పగలు గట్టిగా పెడితే
పాటంతా నాగావళి వరద నీరు.
చప్పుడు తక్కువైతే చెవి అడుగు స్వరాల్ని వదిలేస్తుందట.
రాత్రి తీర్పులు రాత్రికే.

మొన్న గురువారం వాన.
బిసోయి రెండూ నలభైకి కొరాపుట్ లైనెక్కాడు.
ఆయన హారన్ నాకు తెలుసు, చివర పుటుక్కున తెంపుతాడు.
నేను రెండో ట్రాక్ ఎక్కిస్తున్నాను.
గోడ మీద రెండు తట్లు.
తగ్గించాను.
మళ్లీ రెండు.
ఇంకా తగ్గించాను,
ఇక తీగ మీద గోరు చప్పుడే మిగిలింది.
మళ్లీ రెండు, ఈసారి అరచేత్తో.

తలుపు తీస్తే వరండాలో కుముదిని.
జుట్టు ముడి లేదు, చేతిలో ఫోను.
ఘాట్‌లో సిగ్నల్ పోయిందట.
ఆయన బండెక్కిన రాత్రి ఆవిడకి ఏనాడూ నిద్ర లేదట.
పదకొండు నెలలుగా
ఈ గోడకి వీపు ఆనించి కూచుంటోందట.
"టికే జోర్‌రే" అంది,
అప్పు అడిగినట్టు.

లోపలికొచ్చి మాస్టర్ తిప్పాను.
ఎలియాస్ చుక్క దాకా కాదు, అందులో సగం.
తెర మీద గీత కదల్లేదు.
రికార్డులో ఈ సంగతి ఉండదు.

ఏడింటికి బిసోయి బూట్ల చప్పుడు.
సున్నాకి దించేశాను.
దించే ముందు ఆ సగం దగ్గర
నెయిల్ పాలిష్‌తో నా చుక్క ఒకటి పెట్టుకున్నాను.
ఎరుపు.
ఇంట్లో ఆ రంగే ఉంది.