బ్లేడు కింద ఇసుక

మైక్రోటోమ్ బ్లేడు కర్రుమంది.
మెదడు ముక్కలు ఇలా అరవవు,
వెన్నలా తెగుతాయి.
మైనం దిమ్మ తిప్పి చూశాను.
అంచున సన్నటి గీతలు,
పెంకు మీద గోటితో గీసినట్టు.

సీసా మీద అరబ్బీ లేబుల్: బెన్షలాయా.
కువైట్ వచ్చి పదకొండేళ్లు.
ప లేని, చ లేని ఈ లిపిలో
మనవాళ్లని ఏరుకోవడం అలవాటైపోయింది.
పెంచలయ్య.
ఏ తల్లి మొక్కుకుని పెట్టిన పేరో.

నలభై ఆరేళ్లు. అబ్దలీ ఎడారిలో గొర్రెల కాపరి.
వార్డు నర్సు షైనీ చెప్పింది:
రెండేళ్లుగా తలనొప్పంటే ఎండదెబ్బ అన్నారట,
ఎడమచేతిలోంచి గ్లాసు జారితే బద్ధకం అన్నారట.
మంద లెక్క నూట ఇరవై దగ్గర
మూడుసార్లు తప్పాక గాని
కఫీలు బండి ఎక్కించుకోలేదట.

గులాబీ, ఊదా. రంగులు ఆరాయి.
లెన్సు కింద సుడులు,
సుడి నడుమ ఉల్లిపొరల్లా చుట్టుకుని
గట్టిపడ్డ గింజలు.
పుస్తకాల్లోనూ వీటికి ఇసుక పేరే.
మెనింజియోమా.
పుట్టింది మెదడులో కాదు,
మెదడు కప్పుకున్న దుప్పటిలో.
చాలావరకు లోపలికి చొరబడదు, నొక్కుతుంది,
ఎనిమిది మంచాల గదిలో
తొమ్మిదోది ఇరికించినట్టు.

పక్క ట్రేలోవి వేరు.
ఆస్ట్రోసైటోమా, చుక్కల పేరు పెట్టుకుని
గరికలా వేళ్లు దించుకుంటూ పోతుంది.
పెనం మీద కొట్టిన గుడ్లలా ఒలిగో కణాలు.
గ్లియోబ్లాస్టోమా చూసిన రోజు
నేను టిఫిన్ డబ్బా విప్పను.
నడుమ చచ్చిన నేల, అంచున తోసుకునే గుంపు.
ఈ సోమవారం అది ఒక ఫిలిప్పీన్స్ ఆయాది.
ముంజేతి మీద పిల్లల పేర్లు
పొడిపించుకుందట, ముగ్గురివీ.

నేను డాక్టర్ని కాను.
సంతకం గురువారం. చెప్పే నోరు నాది కాదు.
అయినా మధ్యాహ్నం
మూడో అంతస్తుకి మెట్లెక్కాను.

తెలుగు మాట వినగానే
కట్టుకట్టిన తల ఇటు తిరిగింది.
"తలకాయలో ఏముండాదమ్మా?"
డాక్టరు చెప్తాడు, అన్నాను.
"ఏముంటాదిలే. పదేళ్లు ఆ గాల్లో పండుకుంటి.
చెవుల్లోంచి ఎడారి దూరుంటాది."

నేను కిటికీ వైపు చూశాను.
నవ్వొచ్చి కాదు. నవ్వు రాక కూడా కాదు.

నా జవాబు కోసం ఆయన ఆగలేదు.
సెలైన్ చుక్కలు లెక్కపెట్టుకుంటున్నాడు,
ఎడమచేతి వేళ్లు ఒక్కొక్కటే ముడుస్తూ.
నూట పద్దెనిమిది.
నూట పంతొమ్మిది.
నేను బల్ల అంచు పట్టుకున్నాను.
నూట ఇరవై.

నూట ఇరవై ఒకటి.